పికప్‌లో సొంతంగా కట్టుకునే స్నోమొబైల్ డెక్, ర్యాంప్: డెక్‌కు సై, ర్యాంప్‌కు ఆలోచించండి

తీర్పు ముందే చెప్పేద్దాం. బండి 8 అడుగుల బెడ్ (వెనక సామాను తొట్టి) ఉన్న ఫుల్ సైజ్ పికప్, ఎక్కించేది ఒక్క స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి, దీన్నే స్లెడ్ అంటాం) అయితే చెక్క డెక్ (బెడ్‌లో పెట్టే ఎత్తు అరుగు) ఇంటి దగ్గర కట్టుకోవడం అన్ని విధాలా లాభం. ర్యాంప్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. చెక్క ర్యాంప్ స్లెడ్‌ను బాగానే మోస్తుంది, ఆ ర్యాంప్‌ను మోయడమే మన చేత కాదు. ఇక రెండు స్లెడ్లు పక్కపక్కన పెట్టాలనుకునేవాళ్ళు చెక్క జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఇక్కడ చూస్తున్న డెక్ కొలత 10 అడుగుల పొడవు, 58 అంగుళాల వెడల్పు. దానికి జతగా మూడు ముక్కల చెక్క ర్యాంప్. ఎడ్మంటన్‌లోనో మినియాపొలిస్‌లోనో కొత్తగా స్లెడ్ కొని, "దీనికో ట్రైలర్ కూడానా" అని ఆగిన తెలుగువాళ్ళకు ఉపయోగపడే సైజు ఇదే.

డెక్ అసలెందుకు?

ఎఫ్-150, సిల్వరాడో, రామ్ 1500 ఏదైనా సరే, బెడ్‌లో చక్రాల గూళ్ళ మధ్య దూరం సుమారు 50–51 అంగుళాలు. ట్రెయిల్ స్లెడ్‌కు స్కీల (ముందుండే జారుడు పట్టీల) మధ్య దూరం 42–43 అంగుళాలు, స్కీల వెడల్పు కలిపితే బయటి కొలత 48 దాటుతుంది. అంటే బెడ్ నేల మీదే పడుతుంది, కానీ అటూ ఇటూ అంగుళం మిగులుతుంది. చీకట్లో, మంచులో ఎక్కించేటప్పుడు ఆ అంగుళం ఏ మూలకూ చాలదు. పర్వతాల్లో తిప్పే స్లెడ్లకు స్కీలు 36 అంగుళాల దగ్గరే ఉంటాయి కాబట్టి వెడల్పు ఇబ్బంది తక్కువ.

అసలు చిక్కు పొడవుది. 8 అడుగుల బెడ్ లోపలి కొలత 97 అంగుళాల చుట్టూ ఉంటుంది. స్లెడ్ పొడవు 120 నుంచి 135 అంగుళాలు, పొడవు ట్రాక్ (స్లెడ్‌ను నడిపే కింది రబ్బరు పట్టా) అయితే ఇంకా ఎక్కువ. మిగిలిన ఆ రెండు మూడు అడుగులూ తెరిచిన టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) మీద పడతాయి. టెయిల్‌గేట్ వేలాడేది రెండు కేబుళ్ళ మీద. స్లెడ్ నిలకడగా కూర్చున్నప్పుడు దాని మీద పడే బరువు పెద్దది కాదు, ఎందుకంటే ఇంజన్ ముందుంటుంది. ఎక్కించే క్షణంలో మాత్రం స్లెడ్, మనిషి కలిపి 750 పౌండ్లు ఒక్కసారిగా ఆ అంచు మీద నిలుస్తాయి. కీలు వంగేదీ, రేకు సొట్టపడేదీ అప్పుడే. డెక్ ఈ భారాన్ని టెయిల్‌గేట్‌కు తగలనివ్వకుండా బెడ్ నేలకు దింపుతుంది. చక్రాల గూళ్ళ పైనుంచి పోతుంది కాబట్టి వెడల్పూ దొరుకుతుంది. కింద ర్యాంప్ దాచుకోవడానికి సొరంగం మిగులుతుంది.

సామాను

డెక్‌కు 10 అడుగుల 2×6 కొయ్యలు 5 (పేరుకే 2×6, అసలు కొలత ఒకటిన్నర × ఐదున్నర అంగుళాలు), 8 అడుగుల 2×6 కొయ్యలు 2, 8 అడుగుల 2×4 ఒకటి, ముప్పావు అంగుళం ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్ 3 షీట్లు, 58 అంగుళాల పొడవున 2×2×పావు అంగుళం ఇనుప యాంగిల్ ఒకటి, 3/8 అంగుళం టర్న్‌బకిళ్ళు (తిప్పి బిగించే రెండు కొసల కొక్కేలు) 4, రబ్బరు బెడ్ మ్యాట్. స్క్రూల విషయంలో పీనాసితనం వద్దు. దూలాలకు మూడంగుళాల స్ట్రక్చరల్ స్క్రూలే వాడాలి. మామూలు డెక్ స్క్రూలు పెళుసు. రోడ్డు అదురుకు తల దగ్గర పుటుక్కున తెగుతాయి. వాటిని ప్లైవుడ్ బిగించడానికి మాత్రం వాడొచ్చు.

కొయ్య దగ్గర చాలామంది తడబడేది ప్రెజర్ ట్రీటెడ్ (కుళ్ళకుండా మందు ఎక్కించిన కొయ్య) దగ్గర. తడిలో ఉండే వస్తువు కదా, అదే మేలు అనుకుంటారు. ఇప్పటి ట్రీటెడ్ కొయ్యలో రాగి లవణాలుంటాయి. తడి తగిలితే అవి మామూలు ఇనుప స్క్రూలను తినేస్తాయి, అల్యూమినియంను ఇంకా తొందరగా తింటాయి. 2015 మోడల్ నుంచి ఎఫ్-150 బెడ్ అల్యూమినియమే. దాని మీద ట్రీటెడ్ కొయ్య నేరుగా ఆనిస్తే రోడ్డు ఉప్పు కూడా తోడై రేకు గుంటలు పడుతుంది. పైగా ట్రీటెడ్ కొయ్య కొన్నప్పుడు తడిగా, బరువుగా ఉంటుంది, ఆరాక మెలితిరుగుతుంది. మామూలు ఎస్‌పీఎఫ్ (స్ప్రూస్, పైన్, ఫర్) కొయ్య తీసుకుని, కోసిన చివరలకు రెండు పూతలు, మిగతాకు ఒక పూత బయటి పెయింట్ వేస్తే చాలు. సీజన్ అయ్యాక డెక్ తీసి షెడ్‌లో పెట్టే వస్తువే కాబట్టి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఓఎస్‌బీ (చెక్క పేళ్ళను జిగురుతో ఒత్తిన పలక) చవక అని తేకండి. అంచులు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి, స్క్రూలు పట్టు వదులుతాయి.

కట్టే వరస

నాలుగు 10 అడుగుల 2×6లు పొడవు దూలాలు. వీటిని సమాన దూరంలో పెట్టకూడదు. ఎడమ చివరి దూలం మధ్యరేఖను 0 అనుకుంటే, మిగతా మూడింటి మధ్యరేఖలు 13, 35, 48 అంగుళాల దగ్గర పడేలా పెట్టాలి. అంటే అటు రెండు, ఇటు రెండు జంటలుగా ఉండి, నడుమ 20.5 అంగుళాల ఖాళీ మిగులుతుంది. ర్యాంప్ అందులోకి పోతుంది. మొత్తం బయటి వెడల్పు 49.5 అంగుళాలు, చక్రాల గూళ్ళ మధ్య దూరుతుంది. మీ బండి గూళ్ళ దూరం టేపుతో కొలిచాకే కొయ్య కోయండి. బెడ్ లైనర్ ఉంటే అర అంగుళం అక్కడే పోతుంది.

ఒక్కో జంట కింద మూడు చోట్ల ఆధారం: క్యాబ్ వైపు, నడుమ, టెయిల్‌గేట్ దగ్గర. ప్రతి ఆధారానికి రెండు ముక్కలు, ఒక్కొక్కటి 14.5 అంగుళాలు. పడుకోబెట్టిన 2×6 పాదం, దాని మీద నిలబెట్టిన 2×6 అడ్డకొయ్య, ఆపైన దూలాలు. పాదం ఒకటిన్నర, అడ్డకొయ్య ఐదున్నర కలిపి 7 అంగుళాల ఎత్తు. బరువు కొయ్య మీద కొయ్యగా నేలకు దిగుతుంది, స్క్రూల పని పక్కకు జరగకుండా పట్టుకోవడమే. దూలం పక్కన కాలు పెట్టి బోల్టులతో వేలాడదీసే పద్ధతి కంటే ఇది మేలు. అలా కట్టినవాటిలో బోల్టు చుట్టూ కొయ్య నలిగి, రెండో ఏడుకు డెక్ ఊగుతుంది. ఆధారం పక్కలకు ప్లైవుడ్ తునకలతో మూల పట్టీలు కొట్టాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు నిలబెట్టిన ముక్క పక్కకు పడిపోతుంది.

ప్లైవుడ్‌ను అడ్డంగా పరచాలి. ఒక్కో షీటు నుంచి 58 అంగుళాల ముక్క కోస్తే 48 అంగుళాల పొడవు కవరవుతుంది; రెండు షీట్లకు 96, మూడో షీటు నుంచి 58×24 ముక్క. మొత్తం 120. ఇలా పరిస్తే పై పొర రేఖలు దూలాలకు అడ్డంగా వస్తాయి, నడుమ ఖాళీ మీద ప్లైవుడ్ బలం దీని మీదే ఆధారపడుతుంది. పొడవుగా పరిస్తే ఒక షీటు ఆదా అవుతుంది, ట్రాక్ కింద మాత్రం పలక కుంగుతుంది. అతుకుల కింద 2×4 తునకలు పడుకోబెట్టి బిగించాలి. మిగిలిన ప్లైవుడ్‌లోంచి క్యాబ్ అద్దాన్ని కాపాడే ముందు పలక వస్తుంది. ఐదో 10 అడుగుల 2×6ను ముందు అంచుకూ వెనక అంచుకూ వాడాలి. వెనక మాత్రం జంటల మీదే బిగించి నడుమ వదిలేయాలి. ఆ నడుమను, ప్లైవుడ్ అంచునూ కలిపి పట్టేది పైన చెప్పిన ఇనుప యాంగిల్. ర్యాంప్ పిన్నులు దిగేదీ దాంట్లోకే.

ఇంతా అయ్యాక డెక్ పైభాగం బెడ్ నేల నుంచి 13 అంగుళాల పైచిలుకు. బరువు సుమారు 250 పౌండ్లు.

వెనక రెండడుగుల లెక్క

10 అడుగుల డెక్ 8 అడుగుల బెడ్‌లో ఉంటే వెనక 24 అంగుళాలు గాల్లో ఉంటుంది, టెయిల్‌గేట్‌కు పైన, దానికి తగలకుండా. ఈ భాగమే అందరూ అనుమానించేది. లెక్క చూద్దాం. 750 పౌండ్లు అంచు చివర నిలిస్తే 750×24, అంటే 18,000 అంగుళ-పౌండ్ల వంపు. నాలుగు 2×6లు నిలువుగా పంచుకుంటే కొయ్యలో ఒత్తిడి చదరపు అంగుళానికి 600 పౌండ్ల లోపే. ఈ గ్రేడు కొయ్యకు 1,100 దాకా అనుమతి ఉంటుంది. కాబట్టి కొయ్య విరగదు.

ముందు భాగం లేవడం మాత్రం ఖాయం. వెనక ఆధారం ఇరుసుగా డెక్ ముందుకొస పైకి లేవాలని చూస్తుంది. డెక్ సొంత బరువు సగం దాకా అడ్డుకుంటుంది. మిగిలింది సుమారు 100 పౌండ్లు, స్లెడ్ దభీమని పడితే మూడింతలు. అందుకే ముందు రెండు మూలల టర్న్‌బకిళ్ళు తప్పనిసరి. వాటిని బెడ్ రింగులకే తగిలించాలి. ఆ రింగు ఎంత లాగుడు తట్టుకుంటుందో బండి మాన్యువల్‌లో ఉంటుంది, చూసుకోండి. వెనక రెండు టర్న్‌బకిళ్ళు డెక్ వెనక్కి జారకుండా ఆపడానికి. పాదాల కింద రబ్బరు మ్యాట్ ఉంటే సగం జారుడు అక్కడే ఆగుతుంది. బయటి దూలానికీ చక్రాల గూడుకూ మధ్య మిగిలిన సందులో చెక్క బద్దలు దూర్చితే పక్క ఊగుడు కూడా పోతుంది.

పేలోడ్

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల లేబుల్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అన్న అంకె అందులో రాసి ఉంటుంది. బ్రోషర్‌లో చూపే అంకె కాదు, మీ బండి లేబుల్‌లోదే లెక్క. డెక్ 250, చెక్క ర్యాంప్ 160, పెట్రోల్ నింపిన స్లెడ్ 550, ఇద్దరు మనుషులు 350, బూట్లు, హెల్మెట్లు, పనిముట్లు 100, 20 లీటర్ల క్యాన్ 33. మొత్తం 1,440 పౌండ్ల పైన. క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల) హాఫ్ టన్ బండ్లు (ఎఫ్-150 తరగతి) చాలావాటికి పరిమితి ఇక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ టూరింగ్ స్లెడ్ అయితే ఇంకో 100–150 పౌండ్లు కలుపుకోవాలి. మూడో మనిషి ఎక్కితే దాటినట్టే.

చెక్క ర్యాంప్: కట్టొచ్చు, కానీ

అంగట్లో ఎనిమిదంగుళాల అల్యూమినియం కొక్కెం పలకలు దొరుకుతాయి, 2×8 చెక్క చివర బిగిస్తే ర్యాంప్ అయిపోతుందని అమ్ముతారు. తోటపని యంత్రానికి సరే. స్లెడ్‌కు ఆ పద్ధతి పనికిరాదు. పడుకోబెట్టిన 2×8 మందం ఒకటిన్నర అంగుళమే. 8 అడుగుల పొడవున నడిమధ్య 275 పౌండ్లు పడితే ఒత్తిడి చదరపు అంగుళానికి 2,400 పౌండ్లు, అనుమతి ఉన్నదానికి రెట్టింపు. కొన్నిసార్లు వంగి ఊరుకుంటుంది, కణుపు ఉన్న చోట విరుగుతుంది కూడా. కొయ్యను నిలబెట్టి వాడితేనే బలం.

ఎత్తు ఎంతో తేలితేగాని పొడవు తేలదు. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ బెడ్ నేల నుంచి 35 అంగుళాల చుట్టూ ఉంటుంది. మన 13 కలిపితే 48. 8 అడుగుల ర్యాంప్ వేస్తే 30 డిగ్రీల ఏటవాలు, మంచు పట్టిన చెక్క మీద అది గోడే. 10 అడుగులకు 23–24 డిగ్రీలకు దిగుతుంది. కాబట్టి 10 అడుగులే.

మూడు ముక్కలుగా కట్టడమే దీనికి దారి. ట్రాక్ కోసం నడుమ ముక్క 18 అంగుళాల వెడల్పు, కింద మూడు 2×6లు నిలువుగా. స్కీల కోసం రెండు ముక్కలు ఒక్కొక్కటి 10 అంగుళాలు, కింద రెండేసి 2×4లు. పైన అర అంగుళం ప్లైవుడ్, అతుకులతో 2 షీట్లు పడుతుంది. స్కీలు డెక్ మీదికి వెళ్ళాక దాదాపు బరువంతా ట్రాక్ మీదే, అందుకే నడుమ ముక్కే గట్టిగా ఉండాలి. 750 పౌండ్లు నడిమధ్య ఒకే చోట నిలిచినా మూడు 2×6లలో ఒత్తిడి 1,000 లోపు.

కింది చివరను నేలకు సమాంతరంగా ఏటవాలుగా కోయాలి: 2×6కు 12–13 అంగుళాల పొడవున, 2×4కు 8 అంగుళాల పొడవున. ఈ కోత మానేస్తే ర్యాంప్ మొదట్లోనే ఆరంగుళాల మెట్టు మిగిలి స్కీలు దానికి గుద్దుకుంటాయి. పై చివరలో ప్రతి ముక్కకూ రెండు ఇనుప చెవులు, డెక్ యాంగిల్‌లోకి రెండు 3/8 అంగుళం పిన్నులు. ఊరికే అంచు మీద ఆనించే కొక్కెం చాలదు. ట్రాక్ పట్టు దొరకబుచ్చుకోగానే ముందుకు పోయేది స్లెడ్, వెనక్కి నెట్టబడేది ర్యాంప్. కొక్కెం అరంగుళం జారితే చాలు, స్లెడ్ బెడ్‌కూ నేలకూ మధ్య ఉంటుంది. కింది చివర మూడు ముక్కలనూ కలిపే అడ్డబద్ద ఒకటి ఉంటే స్కీ ముక్కలు విడిపోవు. యాంగిల్‌లో స్కీ ముక్కల రంధ్రాలు మీ స్లెడ్ స్కీల దూరానికి వేసుకోవాలి. రెండు రకాల స్లెడ్లు ఉంటే రెండు వరసలు.

పట్టు కోసం నడుమ ముక్క మీద ఎక్స్‌పాండెడ్ మెటల్ జాలీ బిగించాలి, చెక్క పట్టీలు కాదు. పట్టీల మధ్య మంచు గట్టిపడి నున్నగా అవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. నడుమ ముక్క పైన రెండు స్కీ ముక్కలు పక్కపక్కన పేర్చి డెక్ కింది సొరంగంలోకి తోస్తే దాదాపు ఎత్తంతా నిండిపోతుంది. పట్టీలు కొట్టిన ర్యాంప్ దూరదు.

బరువు చూడండి: నడుమ ముక్క 80 పౌండ్ల పైన, స్కీ ముక్కలు చెరో 40. పొడిగా ఉన్నప్పటి మాట ఇది. రోజంతా తిరిగి, సున్నాకు 20 డిగ్రీల కింద, తడి గ్లవ్స్‌తో, గడ్డకట్టిన 10 అడుగుల కొయ్యను 48 అంగుళాల ఎత్తులో పిన్నులకు కలపడం ఒక్క మనిషి పని కాదు. కొన్న అల్యూమినియం మడత ర్యాంప్ ఇందులో సగం బరువు ఉంటుంది, వంపు తిరిగి ఉంటుంది, సొరంగంలో చోటూ మిగులుస్తుంది. అందుకే మా సలహా: ముందు అల్యూమినియం ర్యాంప్ కొనండి, దాన్ని మడిచి కొలవండి, ఆ కొలతకు డెక్ నడుమ ఖాళీ కట్టండి. నడుమ దూలాల మధ్య 24 అంగుళాలకు మించి మాత్రం వెళ్ళకండి, ముప్పావు ప్లైవుడ్‌కు హద్దు అదే.

అల్యూమినియం ర్యాంప్‌కూ లోపాలు లేకపోలేదు. దాని అడ్డకడ్డీలకు స్కీ కింది కార్బైడ్ (గట్టి లోహపు) పట్టీలు తగులుకుంటాయి, గీకుతాయి. స్కీలు నడిచే చోట ప్లాస్టిక్ గ్లైడ్ విడిగా బిగించాలి. లేబుల్ మీద 1,500 పౌండ్లు అని ఉన్నా చాలా సార్లు ఆ అంకె నాలుగు చక్రాల బండికి, బరువు రెండు ఇరుసులకు పంచిన లెక్క. స్లెడ్ ట్రాక్ బరువంతా ఒకే చోట వేస్తుంది. వాటితో వచ్చే పలచటి పట్టీలను పక్కన పడేసి, ర్యాంప్‌ను ట్రక్కు హిచ్‌కు (ట్రైలర్ తగిలించే కొక్కేనికి) గొలుసుతో కట్టండి.

డెక్ మీద బిగించే కొన్న వస్తువులు

గ్లైడ్లు (స్కీలు జారే ప్లాస్టిక్ పట్టీలు): క్యాలిబర్ లాంటి కంపెనీలవైనా, షీటు కొని కోసుకున్న యూహెచ్‌ఎమ్‌డబ్ల్యూ ప్లాస్టిక్ అయినా, ఇవి లేకుండా డెక్ వాడకండి. కార్బైడ్ పట్టీలు ఒక్క సీజన్‌లో ప్లైవుడ్‌ను గాళ్ళు పడేలా దున్నేస్తాయి. ఈ ప్లాస్టిక్ చలికి బాగా కుంచించుకుపోతుంది. 8 అడుగుల పట్టీ వేసవి గ్యారేజీకీ జనవరి రాత్రికీ మధ్య అరంగుళం పైగా తగ్గుతుంది. ఒక్క చివర మాత్రమే గట్టిగా బిగించి, మిగతా రంధ్రాలను పొడవు గాడులుగా చేసి వాషర్‌తో బిగించాలి. అన్ని చోట్లా బిగిస్తే పట్టీ అలలుగా లేస్తుంది లేదా స్క్రూ తల దగ్గర చీలుతుంది. స్క్రూ తలలు లోపలికి దిగి ఉండాలి.

ముందు క్లాంపు: స్కీల మీద అడ్డంగా కూర్చుని మరతో కిందికి బిగుసుకునే సూపర్‌క్లాంప్ రకం డబ్బుకు తగ్గ వస్తువు. గ్లవ్స్ తీయకుండా అర నిమిషంలో పని అయిపోతుంది. ఇంట్లో చేసుకోవాలంటే 2×4 బద్ద, అర అంగుళం మర కడ్డీ, పెద్ద పిడి నట్టు. ఏదైనా సరే ప్లైవుడ్‌కు మాత్రమే బిగించకూడదు. కింద దూలాల మధ్య అడ్డకొయ్య వేసి, ఇనుప పలకతో ఆరపార బోల్టు దించాలి. వెనక రెండు ర్యాచెట్ పట్టీలు. అంగుళం వెడల్పు సన్న పట్టీల పని బరువు 500 పౌండ్లే ఉంటుంది. ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో ఉండే 1,500 అది తెగే బరువు. రెండంగుళాల పట్టీలు కొనండి. సస్పెన్షన్ మూడో వంతు దిగేదాకా బిగిస్తే చాలు, అడుగంటా లాగితే స్ప్రింగులు బలం కోల్పోతాయి.

నడుమ ట్రాక్ కింద రబ్బరు మ్యాట్ వేయడం స్టడ్లు (పట్టు కోసం ట్రాక్‌కు బిగించే ఇనుప మేకులు) లేని ట్రాక్‌కు బాగుంటుంది. స్టడ్లు ఉంటే రబ్బరు చింపేస్తాయి. వాళ్ళకు పెయింట్‌లో ఇసుక కలిపి పూయడమే నయం.

ఎక్కించేటప్పుడు

ప్రమాదాలన్నీ ర్యాంప్ పైకొసలోనే. 24 డిగ్రీల ఏటవాలు నుంచి సమతలానికి మారే చోట స్లెడ్ పొట్ట మీద ఊగి, ముక్కు ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఆ కుదుపుకు బొటనవేలు తెలియకుండానే థ్రాటిల్‌ను నొక్కేస్తుంది. తర్వాత మిగిలేది క్యాబ్ వెనక అద్దమే. కాబట్టి డెక్ ముందు చివర 4×4 కొయ్య అడ్డంగా, దూలాలకు బోల్టులతో. దాని వెనక అద్దం ఎత్తుకు పలక. ఆ పలకను క్యాబ్‌కు ఆనించవద్దు, దూలాలకే బిగించాలి. నడుమ జాలీ పెడితే అద్దంలోంచి వెనక కనబడుతుంది. టెథర్ తాడు (ఊడితే ఇంజన్ ఆగిపోయేది) జాకెట్‌కు కట్టుకోకుండా ఎక్కించడం మొండితనం.

వీలైతే విన్చ్ (తాడు చుట్టి లాగే మోటారు). 24 డిగ్రీల మీద 550 పౌండ్ల స్లెడ్‌ను లాగడానికి సిద్ధాంతం ప్రకారం 220 పౌండ్లు, ట్రాక్ రాపిడి కలిపితే అంతకు బాగా ఎక్కువ. 1,500–2,000 పౌండ్ల చిన్న ఏటీవీ విన్చ్ సులువుగా లాగేస్తుంది. రెండు స్కీ కొక్కేలకూ వై ఆకారపు పట్టీ తగిలించి లాగాలి, ఒక్కదానికే తగిలిస్తే స్లెడ్ తిరుగుతుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టడం మరవద్దు.

పార్కింగ్ దగ్గర తోసిపెట్టిన మంచు దిబ్బ ఉంటే ర్యాంప్ కింది చివర దాని మీద పెట్టండి, రెండడుగులు ఎత్తు తగ్గితే ఏటవాలు 12 డిగ్రీలకు దిగుతుంది. ముందు దిబ్బను తొక్కి గట్టిగా చేయాలి. రివర్స్‌లో దింపేటప్పుడు వెనక మట్టి రెక్క ట్రాక్ కిందికి మడిచి లాక్కుపోతుంది. బంజీ తాడుతో పైకి కట్టేయడం క్షణం పని, రెక్క కొత్తది కొనడం కాదు.

టెయిల్‌గేట్ తెరిచి ఉంటే వెనక కెమెరా నేలనే చూపిస్తుంది. టెయిల్ లైట్లు, నంబర్ ప్లేటు వెనకనుంచి స్పష్టంగా కనబడుతున్నాయో లేదో స్లెడ్ ఎక్కించాక ఒకసారి నడిచి వెళ్ళి చూడండి. అమెరికాలో వాణిజ్య వాహనాలకు సామాను వెనకకు నాలుగడుగులు దాటితే 18 అంగుళాల ఎర్ర జెండా నియమం ఉంది. మన డెక్ ఆ హద్దులోపే ఉంటుంది. సొంత బండ్ల నియమాలు రాష్ట్రాన్ని, ప్రావిన్స్‌ను బట్టి మారతాయి.

రెండు స్లెడ్లు, పొట్టి బెడ్లు

రెండు ట్రెయిల్ స్లెడ్లు పక్కపక్కన పెడితే వెడల్పే 96 అంగుళాలు. రోడ్డు మీద వాహనం వెడల్పు హద్దు అమెరికాలో 102 అంగుళాలు, కెనడాలో 2.6 మీటర్లు, కాబట్టి చట్టం అడ్డు రాదు. కానీ డెక్ బెడ్ గోడల పైకి వెళ్ళాలి, అంటే నేల నుంచి 58 అంగుళాలు. 10 అడుగుల ర్యాంప్‌తో 29 డిగ్రీలు. 1,100 పౌండ్లు అంత ఎత్తున కూర్చుంటే పక్కగాలికి బండి తేలిపోతుంది. చెక్కతో ఆ వెడల్పు కడితే డెక్ బరువే 400 దాటుతుంది, హాఫ్ టన్ బండి లేబుల్ అంకె ఎప్పుడో దాటిపోతుంది. ఇక్కడ మార్లన్, ట్రక్ బాస్ లాంటి అల్యూమినియం డెక్‌లకు వేల డాలర్లు పెట్టడంలో అర్థముంది: పక్కలు అవసరమైనప్పుడే బయటికి జరుగుతాయి, ర్యాంప్ డెక్‌లోకే దూరుతుంది. వాటికీ ముప్పావు టన్ను బండి ఉంటేనే. అది లేనివాళ్ళకు రెండు స్లెడ్ల ట్రైలరే దారి, ఎత్తు మోకాలి దాకే కాబట్టి ఎక్కించడమూ సులువు.

ఐదున్నర అడుగుల బెడ్‌కు ఈ డెక్ సరిపోదు. 10 అడుగుల్లో నాలుగడుగుల పైన గాల్లో ఉంటుంది, ముందుకొస లేచే బలం దాదాపు ఆరింతలు అవుతుంది. ఆరున్నర అడుగుల బెడ్‌లో హిచ్ రిసీవర్‌లోకి దూర్చే బెడ్ ఎక్స్‌టెండర్ కొని డెక్ వెనక చివర కింద ఆధారంగా పెడితే నడుస్తుంది. ఎక్స్‌టెండర్ ఎత్తును డెక్ దూలాలకు సరిగ్గా తగిలేలా సర్దాలి. అరంగుళం సందు వదిలితే అది ఉన్నా లేనట్టే. దాని రేటింగ్ కూడా చూసే కొనండి, నిచ్చెనలు మోయడానికి చేసినవి చాలా ఉంటాయి.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత బండి ఆపి టర్న్‌బకిళ్ళు మళ్ళీ బిగించాలి. కొయ్య కూర్చుంటుంది, పట్టు సడలుతుంది. ప్రతి టర్న్‌బకిల్‌కూ లాక్ నట్టు లేదా తీగ వేస్తే అదురుకు తిరిగిపోదు. ఏప్రిల్‌లో దింపేటప్పుడు ప్లైవుడ్ స్క్రూలు తీస్తే రెండు జంటలూ విడిగా వస్తాయి, ఇద్దరు మనుషులు చాలు. అప్పుడే పాదాల కింద బెడ్‌ను నీళ్ళతో కడిగి ఉప్పు వదిలించండి.